గోడలు తీర్చిన అవసరం తీరినట్టేనా?

మానసిక జబ్బు ఉన్న మనిషి నేరం చేసి, కోర్టు ఉత్తర్వు మీద తాళాలు వేసిన ఆసుపత్రిలో చేరినప్పుడు, అతనివల్ల మళ్లీ ఎవరికైనా హాని జరుగుతుందా అన్న ప్రశ్నను డాక్టరు, న్యాయమూర్తి, బాధిత కుటుంబం, ఒక్కోసారి అతని సొంత తల్లిదండ్రులు కూడా అడుగుతారు. అది అడిగి తీరవలసిన ప్రశ్న. అయితే ఆ మనిషికి ఏం కావాలన్న ప్రశ్నను అంత పట్టుదలతో అడిగేవారు చాలా తక్కువ. ఇంగ్లండులో ఒక మీడియం సెక్యూర్ యూనిట్‌లో నర్సుగా పనిచేస్తున్న నాకు, రెండో ప్రశ్నను సరిగా అడగకపోతే మొదటిదానికి వచ్చే జవాబు కూడా నమ్మదగ్గది కాదని ఏళ్లు గడిచేకొద్దీ గట్టిగా అనిపిస్తోంది. ఇక్కడ ప్రస్తావించే పేషెంట్ల వివరాలను ఎవరూ గుర్తుపట్టలేనంతగా మార్చాను.

ముందు ఇక్కడి వ్యవస్థ గురించి కొంత చెప్పాలి. ఇంగ్లండులో ఇలాంటి ఆసుపత్రులు భద్రత స్థాయిని బట్టి హై, మీడియం, లో అని మూడు అంచెలుగా ఉంటాయి. బర్క్‌షైర్‌లో 1863లో తెరిచిన బ్రాడ్‌మూర్, నాటింగ్‌హమ్‌షైర్‌లో 1912లో మొదలైన రాంప్టన్, లివర్‌పూల్ సమీపంలోని ఆష్‌వర్త్, ఈ మూడే హై సెక్యూర్ ఆసుపత్రులు. మీడియం యూనిట్లు దేశమంతటా ఉన్నాయి. వాటి చుట్టూ 5.2 మీటర్ల ఎత్తు కంచె ఉంటుంది. 1983 నాటి మెంటల్ హెల్త్ యాక్ట్‌లోని సెక్షన్ 37 కింద కోర్టు జైలుశిక్షకు బదులు ఆసుపత్రి ఉత్తర్వు ఇవ్వవచ్చు. ప్రజల రక్షణకు అవసరమని క్రౌన్ కోర్టు భావిస్తే దానికి సెక్షన్ 41 కూడా జోడిస్తుంది. అప్పుడు ఆ పేషెంటు ఆసుపత్రి ఆవరణ దాటి కాసేపు బయటికి వెళ్లాలన్నా న్యాయశాఖ మంత్రి పేరు మీద అనుమతి రావాలి. శిక్ష అనుభవిస్తున్న ఖైదీకి జబ్బు చేస్తే సెక్షన్ 47 కింద జైలు నుంచి ఇక్కడికి మారుస్తారు.

ఈ సెక్షన్లలో మామూలు పాఠకుడికి తోచని విషయం ఒకటుంది. చాలామంది ఖైదీలకు విడుదల తేదీ అంటూ ఒకటి ఉంటుంది. సెక్షన్ 37, 41 కింద వచ్చిన పేషెంటుకు అలాంటి తేదీ ఉండదు. జబ్బు ఎంతవరకు నెమ్మదించింది, ప్రమాదం ఎంత తగ్గింది, బయట బతకడానికి ఏ ఏర్పాటు ఉంది అన్న విషయాల మీదే అతని కాలం ఆధారపడుతుంది. కాబట్టి మేము ఫారాల్లో రాసే మాటలు, వేసే అంకెలు అతని జీవితంలో నెలలుగా, సంవత్సరాలుగా మారుతాయి. అవసరాల అంచనాను గుమాస్తా పనిగా చూసే సహోద్యోగులతో నేను వాదనకు దిగేది ఈ కారణంగానే.

ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఇక్కడ ఎక్కువగా వాడే పద్ధతి హెచ్‌సీఆర్-20. అందులో 20 అంశాలు ఉంటాయి. వాటిలో 10 గతానికి సంబంధించినవి, 5 ప్రస్తుత మానసిక స్థితికి, మిగిలిన 5 రాబోయే కాలంలో ఆ మనిషిని ఎలా సంబాళించాలన్న విషయానికి సంబంధించినవి. అది చాలా ఉపయోగపడే పద్ధతి. అది లేని రోజులకు వెళ్లాలని నేను కోరుకోను. కాని అందులో సగం అంశాలు గతానివి గనుక మారవు. ఇరవై ఏళ్ల వయసులో చేసిన దాడి, చిన్ననాడు ఇంట్లో పడిన దెబ్బలు, చదువు మానేసిన సంవత్సరం ఇవన్నీ యాభై ఏళ్లు వచ్చినా అలాగే కాగితం మీద ఉంటాయి. ఆ మనిషికి ఈ వారం ఏం కావాలి, వచ్చే సంవత్సరం ఏం కావాలి అన్నది వాటిలో దొరకదు.

అందుకోసం ఉన్న సాధనాల్లో నేను ఎక్కువగా వాడేది కాన్‌ఫర్. దక్షిణ లండన్‌లోని కాంబర్‌వెల్ ప్రాంతంలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో తయారై, 1995లో అచ్చయిన కాంబర్‌వెల్ అవసరాల అంచనాలో 22 అంశాలు ఉండేవి. నేరం, జబ్బు రెండూ కలిసిన పేషెంట్ల కోసం దాన్ని సవరించి 2003లో ప్రచురించిన రూపమే కాన్‌ఫర్. ఇందులో 25 అంశాలు ఉన్నాయి. ఉండేందుకు చోటు, తిండి, ఒంటి శుభ్రత, పగటి పూట వ్యాపకం, శరీర ఆరోగ్యం, జబ్బు లక్షణాలు, తన జబ్బు గురించిన సమాచారం, మద్యం, మత్తుమందులు, తోడు, దాంపత్య సంబంధాలు, పిల్లల సంరక్షణ, చదువు, టెలిఫోను, ప్రయాణం, డబ్బు, ప్రభుత్వ సాయం ఇలా సాగే వరుసకు చికిత్స పట్ల సుముఖత, లైంగిక నేరాలు, నిప్పు పెట్టడం అనే మూడింటిని కొత్తగా చేర్చారు. ప్రతి అంశానికీ అవసరం లేదు, అవసరం ఉంది గాని తీరుతోంది, అవసరం ఉంది గాని తీరడం లేదు అని మూడు జవాబులు. వాటిని అంకెల్లో 0, 1, 2 అని వేస్తారు. తెలియనప్పుడు తెలియదనే రాయాలి.

ఈ ఫారంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది దాని అమరిక. పేషెంటు చెప్పిన జవాబుకు ఒక గడి, సిబ్బంది అభిప్రాయానికి మరో గడి పక్కపక్కనే ఉంటాయి. రెండూ కలిపి సర్దుబాటు చేయమని ఎక్కడా అడగరు. పేషెంటు 2 అంటే, నేను 0 అనుకున్నా, అతని గడిలో 2 మాత్రమే ఉండాలి. మామూలు మానసిక వైద్య సేవల్లో జరిగిన పరిశోధనల్లో పదేపదే తేలిన విషయం ఏమిటంటే, తన జీవితం ఎలా ఉందని పేషెంటు భావిస్తాడో దానితో సిబ్బంది గుర్తించిన తీరని అవసరాలకంటే పేషెంటు స్వయంగా చెప్పిన తీరని అవసరాలకే దగ్గరి సంబంధం ఉంది. అయినా రద్దీ ఎక్కువగా ఉన్న వార్డులో పేషెంటు గడిని ఎలా నింపుతారో నాకు తెలుసు. నర్సు స్టేషన్‌లో కూర్చుని, పాత ఫారం ముందు పెట్టుకుని, అతను ఏమంటాడో ఊహించి రాసేస్తారు. అలా రాసిన గడిని ఖాళీగా వదిలేయడమే మేలు.

మా గదిలో ఈ ప్రశ్నలు ఎలా అడుగుతామో కూడా చెప్పాలి. నర్సు కుర్చీ ఎప్పుడూ తలుపు దగ్గరే ఉంటుంది. నడుముకు గొలుసుతో కట్టిన తాళాల గుత్తి, బెల్టుకు అలారం ఉంటాయి. పేషెంటు కుర్చీ గదిలోపలి వైపు, కిటికీ దగ్గర. ఈ ఏర్పాటులో తప్పు లేదు, ఇద్దరి భద్రతకూ అది అవసరం. కాని అలాంటి గదిలో ఎదురుగా కూర్చున్న మనిషిని “మీకు ఏవైనా ఇబ్బందులు ఉన్నాయా?” అని అడిగితే, అంతా బాగానే ఉందని చెప్పడం అతని దృష్టిలో తెలివైన పని. ఇబ్బంది ఉందంటే, విడుదల విషయం తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లే నివేదికలో అది కనిపిస్తుందేమో, బయటికి వెళ్లే రోజు వెనక్కి జరుగుతుందేమో అని భయం. ఆ భయం అర్థం లేనిది కూడా కాదు. అందుకే ఈ జవాబులు ఎవరు చదువుతారు, ఏ నివేదికలోకి వెళ్తాయి, ఏవి వెళ్లవు అన్నది ప్రశ్నలకు ముందే చెప్పాలని నేను పట్టుబడతాను. అది చెప్పాక కూడా కొందరు ఏమీ అక్కర్లేదనే అంటారు. అప్పుడు వాళ్ల మాటే రాస్తాను, పక్క గడిలో నా అభిప్రాయం రాస్తాను, మూడు నెలల తర్వాత మళ్లీ అడుగుతాను.

అసలు చిక్కు 1 అనే అంకెలో ఉంది. అవసరం ఉంది గాని తీరుతోంది అనే జవాబు సెక్యూర్ వార్డులో ఎంతో సులభంగా వస్తుంది. తిండి వేళకు వస్తుంది, మందు చేతికి ఇస్తారు, మద్యం దొరకదు, డబ్బు లెక్క వార్డు ఆఫీసు చూసుకుంటుంది, ఎక్కడికీ ప్రయాణం ఉండదు. ఇంకా నిర్లక్ష్యంగా నింపేవారు వీటిలో చాలావాటికి 0 కూడా వేసేస్తారు. ఈ అవసరాలను మనిషి తీర్చుకోవడం లేదు, గోడలు తీరుస్తున్నాయి. గోడలు తీసేసిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా 2 అయి కూర్చుంటాయి.

ఒక పెద్దాయన గురించి చెబుతాను. యౌవనంలో వచ్చి, జుట్టు నెరిసేదాకా రకరకాల ఆసుపత్రుల్లో ఉన్నాడు. అతని ఫారాల్లో డబ్బు అనే అంశానికి ఎప్పుడూ సమస్య లేదనే ఉండేది. న్యాయశాఖ అనుమతి వచ్చాక, ఇద్దరు సిబ్బంది తోడుగా మొదటిసారి ఊళ్లోని సూపర్‌మార్కెట్‌కు వెళ్లాడు. తన సామాను గదిలో ఏనాటి నుంచో భద్రంగా ఉన్న పాత పది పౌండ్ల కాగితం నోటును తీసుకెళ్లాడు. ఆ కాగితం నోటు 2018 మార్చితోనే చెల్లకుండా పోయింది. కౌంటర్ దగ్గరి అమ్మాయి మర్యాదగానే ఇది తీసుకోము, కార్డు ఉందా అని అడిగింది. అతను బ్రెడ్డు ప్యాకెట్టును, జామ్ సీసాను జాగ్రత్తగా వాటి అరల్లోనే తిరిగి పెట్టి వచ్చి, వార్డుకు వెళ్లిపోదామన్నాడు. ఆ తర్వాత కొన్ని వారాలు బయటికి రానన్నాడు. మానసిక స్థితి దిగజారిందేమో, మందు మోతాదు చూడాలేమో అని వార్డు మీటింగులో చర్చ మొదలైంది. మందు మార్చనవసరం లేదని, డబ్బు అంశానికి 2 వేసి, బ్యాంకు కార్డు తెప్పించి, పిన్ నంబరు వాడడం నేర్పి, వారం వారం అదే దుకాణానికి వెళ్లాలని నిర్ణయించేదాకా ఆ చర్చను సాగదీశాను. ఇప్పుడు తన సరుకులు తానే కొనుక్కుంటున్నాడు. ఆ ఒక్క గడిని ఏళ్ల కిందటే సరిగా నింపి ఉంటే ఆ వారాలు అతనికి పోయేవి కావు.

అందుకే మా వార్డులో 1 వేసిన ప్రతి అంశం పక్కనా, ఈ అవసరాన్ని ఎవరు తీరుస్తున్నారు అన్నది ఒక వాక్యంలో రాయమని అడుగుతున్నాను. అతనే తీర్చుకుంటున్నాడా, అతని అక్క తీరుస్తోందా, వార్డు తీరుస్తోందా, లేక ఉత్త తాళం తీరుస్తోందా? సాయం బంధుమిత్రుల నుంచి ఎంత, సేవల నుంచి ఎంత అని ఫారం పూర్తి రూపంలో అడుగుతారు కూడా. తీరిక లేదని సంక్షిప్త రూపంతో సరిపెట్టుకునే చోట ఆ ప్రశ్నే ఎగిరిపోతుంది.

నేరానికి సంబంధించిన అంశాల విషయంలో నాకు ఇంకా గట్టి అభిప్రాయం ఉంది. నిప్పు పెట్టిన చరిత్ర ఉన్న పేషెంటుకు ఆ అంశంలో 2 పడితే, చదివేవారికి అది అతని మీద నేరారోపణలా కనిపిస్తుంది. నిజానికి దాని అర్థం వేరు. ఆ ప్రవర్తన వెనకున్న కోపాన్ని, నిస్సహాయతను అర్థం చేసుకుని మార్చుకునే చికిత్స అతనికి కావాలి, అది అందడం లేదు అని. సైకాలజిస్టు పోస్టు ఖాళీగా ఉండి, అలాంటి చికిత్స గ్రూపు నెలల తరబడి మొదలు కాకపోతే, ఆ 2 ఆసుపత్రి మీద పడవలసిన అంకె. అయితే దాని ఫలితం అనుభవించేది మాత్రం పేషెంటే. చేయవలసిన చికిత్స పూర్తి కాలేదు కాబట్టి మరికొంత కాలం ఉంచాలని నివేదిక వెళ్తుంది. అతను నిరాకరించాడా, మేము ఇవ్వలేకపోయామా అన్నది ఆ నివేదికలో స్పష్టంగా రాసి తీరాలి.

దాంపత్య సంబంధాలు, లైంగిక జీవితం అన్న రెండు అంశాలను చాలామంది సిబ్బంది అడగకుండానే దాటేస్తారు. ఇబ్బందిగా ఉంటుంది, అతని నేరమే అలాంటిదైతే మరీ ఇబ్బంది. కాని అడిగితే ఎక్కువమంది చెప్పేది పెళ్లి చేసుకోవాలని, ఎవరైనా ఉత్తరం రాస్తే బాగుండునని, అంతే. పిల్లల సంరక్షణ కూడా అలాంటిదే. మహిళా వార్డులో పిల్లలు దగ్గర లేరు గనుక అవసరం లేదని రాసేయడం తేలిక. ఆ తల్లి అల్మారా తలుపుకు లోపలి వైపు అంటించుకున్న స్కూలు ఫొటోను చూసినవారు అలా రాయలేరు. ఏడాదికి ఎన్నిసార్లు కలవనిస్తారు, పుట్టినరోజుకు కార్డు పంపవచ్చా, కలిసినప్పుడు ఏం మాట్లాడాలి అన్న సాయం ఆమెకు కావాలి.

భాష సంగతి కూడా ఒక మాట. మన ఉపఖండం నుంచి వచ్చిన పెద్దవయసు పేషెంట్లకు ఇంగ్లీషులో మర్యాదకు సరిపడే జవాబులు వస్తాయి: ఫైన్, ఓకే, థాంక్యూ. దుబాసీని పిలిపించి మాతృభాషలో అడిగితే తిండి, తోడు అనే రెండు అంశాలకూ జవాబు మారిపోవడం నేను చూశాను. బంధువును దుబాసీగా కూర్చోబెట్టకూడదు. కుటుంబం గురించి చెప్పుకోవలసినవి ఆ బంధువు ముందు బయటపడవు.

ఇదంతా తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇంగ్లండు, భారత్ ఈ రెండు దేశాల చట్టాలు ఒకే వేరు నుంచి వచ్చాయి, మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా తక్కువగా వినిపిస్తోంది. 1843లో ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను కాల్చి చంపిన డేనియల్ మెక్‌నాటెన్ కేసు తర్వాత, మతి స్థిమితం లేని స్థితిలో చేసిన పనికి శిక్ష ఎప్పుడు ఉండదో చెబుతూ ఏర్పడిన సూత్రాలే 1860 నాటి భారత శిక్షాస్మృతిలో సెక్షన్ 84 అయ్యాయి. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది సెక్షన్ 22. ఆ మెక్‌నాటెన్ కూడా చివరికి 1865లో బ్రాడ్‌మూర్‌లోనే చనిపోయాడు. చేసింది ఏమిటో తెలియని స్థితిలో చేశాడని విడిచిపెట్టిన తర్వాత ఆ మనిషి ఎన్నాళ్లు ఎలా బతికాడన్నది ఈ సెక్షన్ల పరిధిలోకి రాదు.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని సెక్షన్ 103 ఖైదీల గురించి చెబుతుంది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలోనైనా మానసిక చికిత్స కేంద్రం ఉండాలంటుంది. తమ జైలులో మానసిక జబ్బు ఉన్న ఖైదీలు లేరని ధ్రువీకరిస్తూ జైలు డాక్టరు మూడు నెలలకోసారి రివ్యూ బోర్డుకు నివేదిక పంపాలంటుంది. లేరని చెప్పమన్నచోట, ఉన్నవారికి ఏం కావాలో రాయడానికి జాగా ఎక్కడ? ఆసుపత్రిలో నిర్బంధంలో ఉన్న ఖైదీ గురించి మాత్రం ఆ సంస్థ వైద్యాధికారి ఆరు నెలలకోసారి అతని మానసిక, శారీరక స్థితి మీద ప్రత్యేక నివేదిక పంపాలి. ఈ ఆరు నెలల నివేదిక మనకు చేతికందిన అవకాశం. ఎర్రగడ్డలోనో, విశాఖ చినవాల్తేరులోనో కోర్టు పంపిన పేషెంటును చూస్తున్న డాక్టరు, ఆ నివేదికకు ఒక పేజీ జతచేసి అందులో పేషెంటు చెప్పిన అవసరాలను అతని మాటల్లోనే రాస్తే ఏ నిబంధనా అడ్డురాదు.

స్థితి మాత్రమే రాసి అవసరం రాయకపోతే ఏమవుతుందో అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్ జీవితం చెబుతుంది. ఆయనను 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. విచారణ జరగలేదు. ఆరోగ్యం కుదుటపడిందని 1967లో ఆసుపత్రి చెప్పినా ఇంటికి పంపలేదు, జైలుకు పంపారు. 2005లో ఒక రూపాయి పూచీకత్తు మీద బయటికి వచ్చేసరికి 54 ఏళ్లు గడిచాయి. ఆయన్ను తీసుకెళ్లేవారు ఎవరు, ఆ ఊరు ఎక్కడ అని వెతకడం ఎవరి పనీ కాకపోయింది.

కాన్‌ఫర్‌ను ఉన్నది ఉన్నట్టుగా తెలుగులోకి దింపుకుంటే సరిపోదని నేను అనుకునేది ఇందుకే. ఇంగ్లండులో తోడు అనేది 25 అంశాల్లో ఒకటి. బంధువులు లేని పేషెంటుకు కూడా, ఈ సెక్షన్ల కింద ఆసుపత్రిలో ఉన్నవాడైతే, డిశ్చార్జి తర్వాత సంరక్షణ ఇచ్చే బాధ్యతను సెక్షన్ 117 ప్రభుత్వ సేవల మీద పెడుతుంది. మన దగ్గర మతి స్థిమితం లేని కారణంగా నిర్దోషిగా తేలిన మనిషిని బంధువుకో మిత్రుడికో అప్పగించాలంటే, అతన్ని సరిగా చూసుకుంటామని, ఎవరికీ హాని జరగకుండా కాపాడతామని వారు పూచీ ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 335, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో 374 చెప్పేది అదే. అంటే తోడు లేకపోవడం మన దేశంలో ఒంటరితనంతో ఆగదు, బయటికి వచ్చే దారినే మూసేస్తుంది.

కాబట్టి మన వార్డులకు తగిన ఫారం ఎవరైనా తయారుచేస్తే, పూచీ ఇచ్చేవారు అన్నది దాని మొదటి అంశం కావాలి. ఆధార్, రేషన్ కార్డు, పింఛను, సొంత ఊరికి తిరిగి వెళితే చంపేస్తామన్నవారు ఉన్నారా అన్నవి ఆ వెంటనే రావాలి. పూచీ ప్రశ్నను డిశ్చార్జి దగ్గర పడినప్పుడు అడిగితే ఆలస్యమైపోతుంది, అప్పటికి ఫోను నంబరు మారిపోతుంది, అన్న వేరే ఊరికి వలసపోతాడు, తల్లి చనిపోతుంది. పేషెంటు చేరిన వారంలోనే అడగాలి, జవాబు అతని మాటల్లోనే రాయాలి, ఎవరూ లేరంటే ఆ గడిలో 2 వేసి, వెతకవలసినవారి పేరును, ఏ తేదీలోగా వెతకాలన్నదాన్ని ఆ పక్కనే రాయాలి.